పిలక వేయని చామ

ఆ రెండు రాత్రులూ సముద్రం శాంతించలేదు.

1778 జనవరి నెలాఖరు. పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ, హవాయీ దీవుల్లో నీహావు అనే చిన్న దీవి ఒడ్డున, ఇరవైమంది ఇంగ్లీషు నావికులు చిక్కుబడిపోయారు. మంచినీళ్ల కోసం, దుంపల కోసం దిగినవాళ్లు. కెరటాలు లేచి లేచి విరుగుతున్నాయి. పడవ ఒడ్డుకు రాలేదు, ఒడ్డున ఉన్నవాళ్లు పడవ దాకా పోలేరు. దూరంగా ఓడ మీద కెప్టెన్ జేమ్స్ కుక్ ఉన్నాడు. తీరాన ఆయన మనుషులు. తీరం వెనక ఊరు, ఊళ్లో కొత్తవాళ్లను వింతగా చూస్తున్న ఆడామగా. ఆ ఓడల్లో తమ దగ్గరికి ఏ రోగం వచ్చిందో ఊళ్లోవాళ్లకు తెలియదు. కుక్‌కు తెలుసు.

తెలుసు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు కంటిమీద కునుకు రానివ్వని మాట అదొక్కటే.

పది రోజుల కిందటే, పక్కనున్న కవాయీ దీవిలో వైమెయా దగ్గర లంగరు వేసినప్పుడు, ఆయన తన రెండు ఓడలకూ ఆజ్ఞ ఇచ్చాడు. ఆడవాళ్లెవరినీ ఓడ ఎక్కనివ్వకూడదు. సుఖవ్యాధి ఉన్న నావికుడెవడూ ఒడ్డున కాలు పెట్టకూడదు. అంతకు ముందు తిరిగి వచ్చిన దీవుల్లో తమ ఓడల వెనక ఏమి మిగిలిపోయిందో చూసినవాడు గనక ఇచ్చిన ఆజ్ఞ అది. నెలల తరబడి నీళ్లమీద బతికిన మగవాళ్లు ఆ ఆజ్ఞకు ఎంతవరకు కట్టుబడతారో తనకే నమ్మకం లేదని దినచర్యలో రాసుకున్నాడు కూడా. కవాయీలోనే దాన్ని తప్పినవాళ్లున్నారు. ఇక నీహావులో ఇరవైమందికి రెండు రాత్రులు దొరికాయి.

సముద్రం కాస్త అణిగాక కుక్ తనే ఒడ్డుకు వెళ్లాడు. ఆ దీవివాళ్లకు మేకలిచ్చాడు, ఇంగ్లీషు జాతి పందులిచ్చాడు, పుచ్చ, గుమ్మడి, ఉల్లి విత్తనాలు ఇచ్చాడు. మేలు జరగాలనే ఇచ్చాడు. ఏది జరగకూడదని అన్నిటికన్నా మిన్నగా కోరుకున్నాడో సరిగ్గా అదే జరిగిందని ఆ రోజుల గురించే రాసుకున్నాడు. ఆ వాక్యం రాసిన చెయ్యి వణికిందో లేదో గాని, చదివిన ప్రతిసారీ నా చెయ్యి వణుకుతుంది.

ఈ కథ ముగింపు ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించవలసిన కథ కాదు. కుక్ వెంట వచ్చిన లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ ఆ దీవుల్లో 4 లక్షలమంది ఉంటారని అంచనా వేశాడు. తరవాతి పండితుల్లో కొందరు 2 లక్షలన్నారు, కొందరు 8 లక్షల దాకా వెళ్లారు. తక్కువ లెక్కే పట్టుకుందాం. 1890 జనాభా లెక్కల్లో ఆ నేల బిడ్డలు, సగం రక్తం కలిసినవారితో సహా, 40,622 మంది. నూటపన్నెండేళ్లు. మూడు నాలుగు తరాలు. ఒక ముత్తవ్వ తన మునిమనవరాలిని ఒళ్లో కూచోబెట్టుకుని, ఊళ్లో ఒకప్పుడు ఎన్ని పొయ్యిలు వెలిగేవో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలిగినంత కాలం.

చావులు లెక్కకు వస్తాయి. పుట్టకుండా పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. హవాయీ కథలో నేను ముఖ్యంగా ఏడవాలనుకునేది వాళ్ల కోసం.

మా అమ్మమ్మ పెరట్లో బావి నీళ్లు పారే చోట చామలు ఉండేవి. ఆకుల మీద నీటిబొట్టు నిలవకుండా పాదరసంలా జారిపోతుంటే ఆడుకునేవాళ్లం. ఒక దుంప తవ్వితే దాని చుట్టూ చిన్న చిన్న పిలకలు తల్లిని పట్టుకుని వచ్చేవి. అమ్మమ్మ వాటిని ఒలిచి, పెద్దది పులుసులోకి తీసి, పిలకల్ని మళ్లీ అదే తడి మట్టిలో గుచ్చేది. చామకు విత్తనాలు కొనక్కర్లేదు, పిలకే విత్తనం అనేది.

హవాయీ వాళ్లకు ఆ చామదుంపే అన్నం. వాళ్లు దాన్ని కలో అంటారు. కొండల మీంచి దిగే ఏటి నీళ్లను కాలవలుగా మళ్లించి, మన వరిమళ్లలాగే మెట్లు మెట్లుగా మళ్లు కట్టి, నీళ్లలో చామ పండించేవారు. దుంపను ఉడికించి, చెక్క పలక మీద రాతి రోకలితో దంచి, జిగట ముద్ద చేస్తే అది పోయి. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే గిన్నె, వేళ్లతో తీసుకుని తినడం. ఆ గిన్నె మీద మూత తీశాక ఇంట్లో ఎవరూ కోపంగా మాట్లాడకూడదు. ఎందుకంటే గిన్నెలో ఉన్నది అన్నగారు.

వాళ్ల పురాణంలో ఆకాశానికి అధిపతి వాకేయా ఇంట తొలిచూలు మృతశిశువుగా పుట్టింది. ఆ బిడ్డను ఇంటి పక్కనే మట్టిలో కప్పెట్టారు. కొన్నాళ్లకు ఆ మట్టిలోంచి పొడుగు కాడతో, గాలికి వణికే ఆకులతో ఒక మొక్క లేచింది. అది తొలి చామ. దానికి హాలోవా అని పేరు పెట్టారు. రెండో కాన్పులో మగబిడ్డ బతికాడు. వాడికీ అన్న పేరే పెట్టారు. మనుషులందరూ వాడి సంతతి. అందుకని చామ పెద్దన్న, మనిషి తమ్ముడు. తమ్ముడు అన్నను సాకాలి, అన్న తమ్ముడికి తిండి పెట్టాలి. చామ పిలకను వాళ్లు ఒహా అంటారు. కుటుంబం అనే మాట, ఒహానా, దానిలోంచి వచ్చిందే. ఒక తల్లి దుంప చుట్టూ పిలకలు, అదీ వాళ్లకు ఇల్లంటే.

పుట్టీ పుట్టకుండానే పోయిన బిడ్డ పేరు తలుచుకుని పూటపూటా అన్నం తినే జాతి అది. ఓడల్లో వచ్చిన రోగం వాళ్లకు ఇచ్చింది మృతశిశువుల్నే. ఈసారి ఆ మట్టిలోంచి ఏమీ మొలవలేదు.

మన భాషలో వీటిని సుఖవ్యాధులు అంటాం. ఎవరు పెట్టారో గాని ఆ పేరు. సిఫిలిస్‌ను మన పెద్దవాళ్లు సవాయి అన్నారు, గనేరియాను సెగ అన్నారు. సవాయి మన దేశానికీ ఓడల్లోనే వచ్చింది. భావప్రకాశం దాన్ని ఫిరంగ రోగమంది, అంటే ఫిరంగీలు తెచ్చినది. ఇవాళ్టికీ మూలికల కొట్లో దొరికే పరంగిచెక్క ఒకప్పుడు ఆ రోగానికి మందుగా వాడినదే. మనది కోట్ల జనం ఉన్న భూఖండం. బాధపడింది, కుళ్లింది, అయినా తట్టుకుంది. నలువైపులా వేల కిలోమీటర్ల నీళ్లు తప్ప ఇరుగూపొరుగూ లేని దీవుల్లో, అంతకు ముందు ఆ పేరే వినని చోట, ఏడాదికేడాది కొత్త ఓడలు అదే రోగాన్ని మళ్లీ మళ్లీ దించిపోతుంటే ఏమవుతుంది?

నెమ్మదిగా అవుతుంది. మశూచిలాగా, కలరాలాగా ఊరంతా ఒక్కసారి గొల్లుమనదు. సెగ రోగం ఆడవాళ్లలో చాలాసార్లు పైకి కనపడనే కనపడదు. లోలోపల గర్భసంచి దాటి అండం నడిచే నాళాల్లోకి పాకుతుంది. అక్కడ వాపు వస్తుంది. వాపు మానాక మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట దారి మూసుకుపోతుంది. ఆ మనిషి నవ్వుతూ తుళ్లుతూ మడి చేసుకుంటూ ఆరోగ్యంగానే ఉంటుంది, కడుపు మాత్రం పండదు. సవాయి ఇంకో దారిలో వస్తుంది. తల్లి నెత్తుటిలోంచి కడుపులో బిడ్డను చేరుతుంది. కొందరికి నెల తప్పి నిలవదు, కొందరికి నెలలు నిండి ప్రాణం లేని బిడ్డ. బతికి పుట్టిన పసికందు కూడా చాలాసార్లు ఎక్కువ రోజులు నిలవదు.

హవాయీలో బిడ్డను మరో ఇంటికి పెంపకానికి ఇవ్వడం గౌరవమైన ఆచారం. హానై అంటారు. పిల్లలున్న ఇల్లు పిల్లల్లేని ఇంటికి ఒక బిడ్డనిచ్చేది, ఇద్దరు తల్లులూ ఆ బిడ్డకు తల్లులే అయ్యేవారు. గొడ్రాలన్న మాట గుచ్చుకోకుండా ఆ సమాజం ఎంత మెత్తని ఏర్పాటు చేసుకుందో చూడండి. ఇవ్వడానికి ఏ ఇంట్లోనూ బిడ్డ లేనినాడు ఆ ఆచారం మాత్రం ఏం చేస్తుంది.

ఎంత వేగంగా పాకిందో కుక్ తన కళ్లతోనే చూశాడు. ఉత్తర సముద్రాలు తిరిగి 1778 నవంబరులో ఆయన మళ్లీ ఆ దీవులకు వచ్చాడు. ఈసారి మావీ దీవి. అంతకు ముందు ఆయన ఓడ అక్కడ ఆగనే లేదు. చిన్న పడవల్లో ఎదురొచ్చిన మావీ మనుషుల ఒంటిమీద రోగం గుర్తులున్నాయి. పది నెలల్లో అది దీవి నుంచి దీవికి, పడవ నుంచి పడవకు దాటి, ఆయనకన్నా ముందే అక్కడికి చేరి, ఆయన కోసం ఎదురుచూస్తోంది. 1779 ఫిబ్రవరి 14న కెయాలకెకువా తీరాన జరిగిన గొడవలో కుక్ చనిపోయాడు. మార్చిలో ఆయన ఓడలు కవాయీకి తిరిగి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు మొహం మీదే అన్నారు: మీరు మా ఆడవాళ్లలో ఒక రోగం వదిలి వెళ్లారు, దానితో ఆడా మగా చచ్చిపోయారు.

ఆ మాట అన్నది ఎవరో పేరు చరిత్రలో లేదు. రోగం మొదలైన ఏడాదికే దాని పుట్టుకను వేలుపెట్టి చూపించిన మనిషి అతడు, లేదా ఆమె. ఓడలవాళ్లు విన్నారు, రాసుకున్నారు, తెరచాపలెత్తి వెళ్లిపోయారు.

ఇక్కడో మాట. ఆ ఆడవాళ్లను తప్పుపట్టిన రాతలు తరవాత గుట్టలుగా వచ్చాయి. సిగ్గులేని జాతి అనీ, చేసుకున్నదానికి అనుభవిస్తోందనీ. నాకవి చదువుతుంటే ఒళ్లు మండుతుంది. ఆడా మగా కలయికను పాపంగా ఎంచని సమాజం వాళ్లది. ఇనుము పుట్టని నేల అది. ఒక మేకు దొరికితే గేలం అవుతుంది, ఉలి అవుతుంది, ఇంటికి పెన్నిధి అవుతుంది. ఓడ దగ్గరకు ఈదుకుంటూ వెళ్లిన పదహారేళ్ల పిల్ల చేతికొచ్చిన మేకును చూసుకుంది. తన కడుపులోకి ఏమి వచ్చిందో దానికి చెప్పినవాళ్లెవరు? తెలిసినవాళ్లు ఓడ మీదే ఉన్నారు. తరవాత్తరవాత పెద్ద దొరలే కొందరు సరుకుల ఆశతో ఆడపిల్లల్ని ఓడలకు పంపారు. ఆ పాపం దీవుల లోపలిదే, దాచను. కాని ఆ పిల్లలది కాదు.

1819లో తిమింగలాల వేట ఓడలు రావడం మొదలైంది. 1846 నాటికి మావీ దీవిలో ఒక్క లహైనా రేవుకే ఏడాదిలో నాలుగు వందల పైచిలుకు ఓడలు వచ్చాయి. ఒక్కొక్క ఓడలో పాతిక ముప్పైమంది, ఇల్లు వదిలి రెండేళ్లు మూడేళ్లు అయినవాళ్లు.

ఈ కథ మలుపు తిరగగలిగిన చోటు ఒకటుంది. అక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతాను.

1825. రాజు రెండో కమేహమేహా, రాణి కమామలూ అంతకు ముందేడే లండన్ వెళ్లి, అక్కడ తట్టు సోకి వారం తిరక్కుండా ఒకరి వెంట ఒకరు చనిపోయారు. చిన్నపిల్లవాడు గద్దె మీద ఉన్నాడు. రాజ్యం నడుపుతున్నది కాఅహుమాను అనే మహారాణి, గొప్ప దక్షత ఉన్న మనిషి. ఆమె, తోటి పెద్దలు కలిసి ఒక కట్టడి చేశారు. ఆడవాళ్లు ఓడల మీదికి వెళ్లకూడదు. వాళ్ల భాషలో అలాంటి నిషేధం పేరు కపూ. కొత్తగా పుచ్చుకున్న క్రైస్తవం ప్రభావం అందులో ఉంది, నిజమే. కారణం ఏదైనా కానివ్వండి, నలభై ఏడేళ్ల కిందట కుక్ ఓడ మీద ఇచ్చి నిలబెట్టుకోలేకపోయిన ఆజ్ఞ ఇప్పుడు ఒడ్డు నుంచి, ఆ నేల మీద హక్కున్నవాళ్ల నోటి నుంచి వచ్చింది.

ఆ కట్టడి నిలిచి ఉంటే! రోగం అప్పటికే ఇళ్లలో ఉంది, ఒక్కసారిగా పోయేది కాదు. అయినా ప్రతి రుతువులోనూ కొత్తగా దిగుమతి అయ్యేది ఆగేది. రోగం తగలని ఆడపిల్లలు తగలకుండానే పెద్దవాళ్లయ్యేవారు. పదేళ్లు, పదిహేనేళ్లు ఆ తలుపు మూసి ఉంచగలిగితే ఒక తరం నిలబడేది. అంతకు మించి వాళ్లు ఏమీ అడగలేదు.

అక్టోబరులో డేనియల్ అనే ఇంగ్లీషు వేట ఓడ నావికులు లహైనాలో కత్తులూ పిస్తోళ్లూ పట్టుకుని పాదిరీ విలియం రిచర్డ్స్ ఇంటిమీదికి వెళ్లారు. ఈ కట్టడి వెనక అతనున్నాడని వాళ్ల కోపం. లహైనా జనమే ఆ ఇంటికి అడ్డం నిలబడి కాపాడారు. కట్టడి నిలిచింది.

1826 జనవరిలో హొనొలులు రేవులోకి డాల్ఫిన్ వచ్చింది. అది వేట ఓడ కాదు, అమెరికా నౌకాదళం ఓడ. ఫిరంగులున్న ఓడ. దాని మీద అధికారి లెఫ్టినెంట్ జాన్ పర్సివల్. ఆడవాళ్లను ఓడలకు పంపాలని అతను పెద్దలను నిలదీశాడు, పంపకపోవడం తమ జెండాకు అవమానమన్నాడు. కాఅహుమాను ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 26, ఆదివారం. జబ్బుతో ఉన్న కలానిమోకు అనే పెద్దాయన ఇంట్లో ప్రార్థనకు జనం కూడి ఉన్నారు. డాల్ఫిన్ నావికులు కర్రలు పట్టుకుని వచ్చిపడ్డారు. కిటికీ అద్దాలు వరసగా పగిలాయి. ఆడవాళ్లేరీ అని అరుపులు. అక్కణ్నుంచి పాదిరీ బింగ్‌హామ్ ఇంటిమీదికి పోయారు. పర్సివల్ తన మనుషుల్ని చెదరగొట్టాడు, కొట్టాడు కూడా. ఆ సాయంత్రం పెద్దల దగ్గరికి వచ్చి మళ్లీ అదే మాట అడిగాడు.

పగిలిన గాజుపెంకుల మధ్య ఆ పెద్దలు కూర్చుని ఉంటారు. రేవులో ఫిరంగులు. వాళ్లకు అంత నౌకాదళం లేదు. ఈ ఓడను ఎదిరిస్తే రేపు పది ఓడలొస్తాయి. ఊరు తగలబడిపోతుందన్న భయం. హొనొలులులో కట్టడి సడలింది. ఆడపిల్లల్ని ఎక్కించుకున్న మొదటి పడవ రేవులోకి కదిలినప్పుడు లంగరు వేసిన ఓడల మీంచి కేరింతలు మిన్నంటాయట. ఆ కేకలు ఒడ్డున విన్న తల్లులు ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

తరవాత అమెరికాలో పర్సివల్ మీద విచారణ జరిగింది. శిక్ష ఏమీ పడలేదు.

లహైనాలో ఇంకా ఒక మనిషి పట్టు వదలలేదు. మావీ పాలకుడు హోఆపిలి. 1827లో జాన్ పామర్ అనే ఓడ ఆడవాళ్లను ఎక్కించుకుంటే, కెప్టెన్ ఒడ్డున దొరికినప్పుడు పట్టి ఉంచి, మా ఆడవాళ్లను దింపితేనే వదులుతానన్నాడు. ఓడ మీంచి ఊరిమీదికి ఫిరంగి పేలింది. చివరకు దింపుతానని మాట తీసుకుని కెప్టెన్‌ను వదిలారు. అతను దింపకుండానే హొనొలులుకు సాగిపోయాడు. ఆ పడవల్లో వెళ్లిన ఆడవాళ్లలో ఎంతమంది తరవాత బిడ్డను ఎత్తుకున్నారో ఎవరు రాస్తారు.

1831-32లో పాదిరీలు ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే 1,30,313 మంది తేలారు. నాలుగేళ్లకు మళ్లీ లెక్కిస్తే 1,08,579. 1850లో 84,165. మధ్యలో 1848-49లో తట్టు, కోరింత దగ్గు, ఫ్లూ కలిసి పదివేలమందిని తీసుకుపోయాయి. 1853లో మశూచి అయిదువేలకు మించి. 1866 నుంచి కుష్ఠు సోకినవాళ్లను కలౌపాపా అనే సముద్రపు మూలకు పంపేశారు. ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కొక్క కథ, మరెప్పుడైనా చెప్పుకోవచ్చు. ఇక్కడ గమనించవలసింది ఒకటే. తట్టుతో ఊరు పోయినా, మిగిలిన ఆడవాళ్లు కంటే ఇరవై ఏళ్లలో ఊరు మళ్లీ నిండుతుంది. ప్రపంచమంతటా అలా నిండిన ఊళ్లున్నాయి. పైరు పోతే మళ్లీ నాటుకుంటాం. హవాయీలో ప్రతి తెగులు తరవాతా నాటుకోవడానికి పిలకలే లేవు. చావులు ఒక చెయ్యి, కాన్పుల్లేమి రెండో చెయ్యి. రెండు చేతులూ కలిసి ఒక జాతి గొంతు నులిమాయి.

దీన్ని అర్థం చేసుకుని, తన మాటల్లో రాసిన దీవి బిడ్డ డేవిడా మాలో. పాత కథలూ వంశావళులూ నోటికి వచ్చినవాడు, పెద్దయ్యాక లహైనాలునా బడిలో చదువుకున్నాడు. 1839లో తన జనం తరిగిపోవడం గురించి వ్యాసం రాశాడు. యుద్ధాలు రాశాడు, తెగుళ్లు రాశాడు, కుక్ ఓడల్లో వచ్చిన రోగాన్నీ పేరుపెట్టి రాశాడు. తనవాళ్ల తప్పులనూ వదలలేదు, పాదిరీల దగ్గర నేర్చుకున్న పాపం అనే మాట ఆ రాతలో బరువుగా వినిపిస్తుంది. నాకా మాటతో పేచీ ఉంది గాని, తన జాతి సన్నగిల్లుతుంటే పక్కన కూర్చుని నాడి పట్టుకున్న మనిషితో పేచీ పెట్టుకోలేను. 1853లో చనిపోతూ తనను లహైనాలునా బడికి పైన కొండ మీద పాతిపెట్టమని అడిగాడు. బయటినుంచి వచ్చిపడుతున్నవాళ్ల తాకిడి అంత ఎత్తుకు రాదని.

నాలుగో కమేహమేహా ఇరవై ఏళ్ల వయసులో గద్దెనెక్కి, 1855లో సభలో నిలబడి, మన జనం తరిగిపోతున్నారు, ఆసుపత్రులు కావాలి అన్నాడు. సభ తల ఊపింది, డబ్బు మాత్రం పెట్టలేదు. 1859లో ఆ కుర్ర రాజూ, రాణి ఎమ్మా కలిసి చందాల పుస్తకం పట్టుకుని హొనొలులు వీధుల్లో తలుపు తలుపూ తట్టారు. ఒక రాజు, రాణి తమ జనం ప్రాణాల కోసం వర్తకుల గుమ్మాల ముందు చెయ్యి చాచారు. 13 వేల డాలర్లకు పైగా పోగయింది. ఆ డబ్బుతో రాణి పేర ఆసుపత్రి లేచింది, ఇవాళ్టికీ ఉంది. మరుసటి ఏడు సుఖవ్యాధుల మీద చట్టం వచ్చింది. హొనొలులు వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, పరీక్ష చేయించుకోవాలి. ఓడ దిగి వచ్చినవాడికి ఆ పరీక్ష లేదు. పరీక్ష చేసి మాత్రం వైద్యుడి చేతిలో ఏముంది? పాదరసం తప్ప మందు లేదు. పెనిసిలిన్‌తో సవాయి నయమవుతుందని తేలింది 1943లో. నీహావు ఒడ్డున ఆ రెండు రాత్రులు గడిచిన నూట అరవై అయిదేళ్లకు.

రాజు, ఎమ్మా దంపతులకు ఒక్కడే కొడుకు. 1862లో నాలుగేళ్ల వయసులో చనిపోయాడు. ఏడాది తిరిగాక తండ్రి. ఆయన అన్నగారు అయిదో కమేహమేహా పెళ్లి లేకుండా పోయాడు. తరవాత వచ్చిన లునాలిలో పిల్లల్లేకుండా పోయాడు. కలాకౌవాకు పిల్లలు లేరు, ఆయన చెల్లెలు లిలియుఒకలానికి లేరు. ఎవరి వెనక ఏ కారణం ఉందో వెతకడం నా పని కాదు, అది తగదు కూడా. కాని ఊళ్లలో జరిగినదే కోటలోనూ కనిపిస్తుంటే జనం గుండె ఎలా జారిపోయి ఉంటుంది.

1870ల నాటికి లోయల్లో చామమళ్లు పడావు పడ్డాయి. చేసేవాళ్లు లేరు. చైనా నుంచి వచ్చిన రైతులు వాటిని కౌలుకు తీసుకుని వరి వేశారు. నీళ్లు నిలిచిన మళ్లు, పచ్చటి వరి, గాలికి తలలూపే కంకులు. మనకు అంతకన్నా కళ్లకు ఇంపైన దృశ్యం ఉండదు. ఆ లోయల్లో ఆ పచ్చదనం ఇళ్లు ఆరిపోయాయనడానికి గుర్తు. వరి పొలాన్ని చూసి ఏడుపు రావడం నాకు ఈ కథ చదివాకే తెలిసింది.

1874లో గద్దెనెక్కిన కలాకౌవా తన రాజ్యానికి పెట్టుకున్న నినాదం హో-ఊలు లాహుయి. జాతిని పెంచండి అని. ఆ ఊలు అన్నది మొక్క మొలిచి ఎదగడానికి వాడే మాట. ఆయన రాణి కాపియోలాని ఆ మాటను తన ఒంటి మీద వేసుకుంది. సంతలు పెట్టి, విందులు చేసి, ఏళ్ల తరబడి డాలరు డాలరూ కూడబెట్టింది. 8,000 డాలర్లు అయ్యాయి. పోయిన చెల్లెలు కెకౌలికే ఇల్లు ఖాళీగా ఉంటే అందులోనే 1890లో పురిటి ఆసుపత్రి తెరిచింది. జనాభా లెక్కల్లో 40,622 అని పడిన ఏడు అదే. మూడేళ్లకు ఆ రాజ్యమే చేజారింది. 1898లో దీవుల మీద అమెరికా జెండా లేచింది. ఎదిరించి నిలబడడానికి మనుషులు మిగిలితే గదా.

నేను మాత్రం 1890 దగ్గరే నిలబడిపోతాను. ఆ ఇల్లు నా కళ్లకు కడుతుంది. చెల్లెలు తిరిగిన గదుల్లో వరసగా మంచాలు, ఉతికి మడిచిన పాతగుడ్డలు, కాగుతున్న నీళ్లు. లోపలి గదిలో ఎవరో పేదింటి ఆడకూతురు నొప్పులు పడుతోంది. బిడ్డల్లేని రాణి బయట వసారాలో కూర్చుని, మాట్లాడేవాళ్లను చేత్తో వారించి, తలుపు వైపు చెవి ఒగ్గి వింటోంది.